విగ్గు ఎగిరిపోయిన పాట

కరోకే మిషన్ కనిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ఇక్కడ దోహాలో, అల్ దోహా అల్ జదీదా అనే పేటలో తెలిసినవాళ్ళ పిల్లవాడి పుట్టినరోజుకి పిలిస్తే పోయాను. కేకు కోసి, బిర్యానీ తినిపించాక టీవీకి మైకు తగిలించారు. ఇంటాయన నా వైపు తిరిగి, "మీరు జపాన్ కంపెనీలో చేసిండ్రు గదా, వాళ్ళ కామెడీ పాట ఒక్కటి కొట్టుండ్రి, పిల్లలు నవ్వుతరు" అన్నాడు. చేతిలో గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాను. నాకు ముక్కు మీద కోపమని నలుగురూ అనుకునే మాటే కాబట్టి, దానికి ఇంకొకటి తోడైంది, అంతే. పిల్లలది తప్పు కాదు, పాటదీ తప్పు కాదు. తప్పు ఎవరిదో చెప్పకపోతే మాత్రం నాకు తిన్నది అరగదు.

దోహా బయట దుఖాన్ రోడ్డు మీద ఒక జపాన్ కంపెనీ సైట్‌లో నేనప్పుడు టైమ్ కీపర్‌ని. పొద్దున బస్సు దిగిన ప్రతి మనిషికీ హాజరు వేయడం, సాయంత్రం అందరూ బస్సెక్కారో లేదో చూసుకోవడం నా డ్యూటీ. క్యాంపు అల్ షహానియా దగ్గర. మాది నిజామాబాద్ వైపు. నా పక్క మంచం అతనిది జగిత్యాల వైపు. కాంక్రీటు పోసే ముందు చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను.

అతనికి గొంతుంది. మామూలు గొంతు కాదు. వాళ్ళ ఊళ్ళో చిరుతల భజన జట్టుకి తండ్రే గురువు. చేతిలో చిరుతలనే చెక్క తాళాలు పట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టి, తెల్లవార్లూ ఆడించేవాడట. నడుం వంచి పాడితే వీపు మీద చిరుతతో ఒక్కటి వేసేవాడట. "ఛాతి లేపి పాడు, ఎవని ముందట తల దించకు" అనేవాడట. ఆ తండ్రి ఇచ్చిన గొంతుతో సెలవు రోజైన శుక్రవారాలు రూములో అతను పాడుతుంటే పక్క రూముల నుంచి నేపాలీలు కూడా వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్ళు.

జపాన్ వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. విందు జరిగితే అందరూ పాడాలి. పెద్దవాళ్ళు కూడా. అందులోనూ తమను తాము వెక్కిరించుకునే పాటలు పాడితే ఇంకా మెచ్చుకుంటారు. మా ప్రాజెక్టు మొత్తానికి పెద్ద అయిన జపాన్ సారు, పెద్దసారు అనేవాళ్ళం, మొదటి విందులో తనే లేచి, పెళ్ళానికి భయపడి బీరువాలో దాక్కున్న మొగుడి పాట పాడాడు. కుర్చీ వెనక దాక్కుని తల బయట పెట్టి చూశాడు. అక్కడ మందు లేదు, అందరి ముందూ నారింజ రసమే. అయినా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత మా క్యాంపు మెస్సుకి కూడా ఒక కరోకే మిషన్ బహుమతిగా పంపించాడు. దాని నిండా జపాన్ పాటలే. సన్నబడాలని ఒట్టు పెట్టుకుని నూడుల్స్ గిన్నె ముందు ఏడ్చేవాడి పాట ఒకటి. రైల్వే ప్లాట్‌ఫారం మీద గాలికి విగ్గు ఎగిరిపోతే దాని వెంట పరిగెత్తే బట్టతల గుమస్తా పాట ఒకటి. తెర మీద వచ్చే అక్షరాలు మాలో ఒక్కడికీ రావు. బొమ్మలు చూసి కథ అర్థం చేసుకునేవాళ్ళం.

కార్పెంటర్ ఆ విగ్గు పాటని ఫోన్లో ఎక్కించుకుని, బస్సులో పోతూ వస్తూ చెవితోనే నేర్చేశాడు. అయితే నవ్వుల పాట ఎలా పాడాలో అతనికి తెలీదు. అతనికి తెలిసిన పాట ఒక్కటే రకం. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసి, ఛాతి లేపి, యుద్ధానికి బయల్దేరే రాజులా ఎత్తుకున్నాడు. విగ్గు ఎగిరిపోయే చోట గొంతు ఎంత పైకి తీసుకుపోయాడంటే, రాజ్యం పోయిన వాడు కూడా అంత గోల చెయ్యడు. మెస్సు చూడ్డానికి వచ్చిన పెద్దసారు నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

"ఏందన్నా, అంతగనం నవ్విండ్రు? రాగం తప్పిన్నా?" అని అడిగాడు రూముకి వచ్చాక.

"తప్పలే తమ్మీ. నువ్వు తప్పకుంట పాడినవనే నవ్విండ్రు" అన్నాను. అతను కూడా నవ్వేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా అడ్మిన్ సారు చూశాడు కదా, ఇంక ఆగలేదు. అడ్మిన్ సారు తెలుగువాడే. ఏ జిల్లా అని చెప్పను, అలాంటివాళ్ళు అన్ని జిల్లాల్లోనూ ఉన్నారు. సెలవులు, టిక్కెట్లు, రూములు అన్నీ ఆయన చేతిలోనే. జపాన్ వాళ్ళు ఒకసారి వంగితే ఈయన రెండుసార్లు వంగుతాడు. పైవాళ్ళని నవ్వించడానికి చేతికి ఒక మనిషి దొరికాడు, అది కూడా తన కింద పనిచేసే మనిషి. అప్పట్నుంచి ఏ గెస్టు వచ్చినా కార్పెంటర్‌కి పిలుపు. విగ్గులా నెత్తిన వేసుకోవడానికి నల్ల టవల్ ఒకటి కొనిపెట్టాడు. మార్కర్‌తో మీసం గీయించాడు. టవల్ కింద పడేసి దాని వెంట పరిగెత్తమని నేర్పించాడు. ఒకసారి బిగిస్తున్న చెక్కల మీద నుంచి దింపి మరీ తీసుకుపోయాడు. ఆ రోజు హాజరు పట్టీలో ఏమని రాయాలో నాకు తెలియలేదు.

"తమ్మీ, నిన్ను కోతిని జేసి ఆడిస్తున్నడు, నీకు తెలుస్తలేదా?" అని నేను పళ్ళు కొరికితే, "పోనీ తియ్యి అన్నా. ఎండల నుంచి కొంచెం సేపు తప్పించుకున్న గదా" అనేవాడు. అతనికి లేని కోపం కూడా నాకే వచ్చేది.

పెద్దసారు పని పూర్తయి జపాన్ వెళ్ళిపోయే రోజు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ గెస్ట్‌హౌస్‌లో సాగనంపే విందు. ఆ రోజు తెల్లవారుతుండగా కార్పెంటర్ ఫోన్ మోగింది. వాళ్ళ బావ. రాత్రి తండ్రి అన్నం తిని లేస్తూ లేస్తూ కూలబడిపోయాడట. మళ్ళీ లేవలేదు.

తల్లి ఫోన్ అందుకుంది. "నాయిన పోయిండు బిడ్డా. ఐస్ పెట్టెల పెట్టినం. నువ్వు దుబాయ్ నుంచి వచ్చేదాక ఉంచుతం అన్నరు పెద్దమనుషులు. జల్ది రా. నువ్వే పెట్టాలె కొరివి" అంది. మా ఊళ్ళవాళ్ళకి ఈ ఎడారి దేశాలన్నీ దుబాయే. ఒక్కడే కొడుకు. అతను ఫోన్ చెవికి పెట్టుకుని ఊ కొట్టాడు. మధ్యాహ్నం దాటాక హైదరాబాద్ విమానం ఉంది. అది ఎక్కితే మర్నాడు తెల్లారేసరికి ఊళ్ళో ఉంటాడు. కావలసింది సెలవు కాగితం మీద ఒక్క సంతకం. అది లేకుండా పోతే పారిపోయాడని రాస్తారు, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

ఇద్దరం అడ్మిన్ సారు దగ్గరికి పోయాం. విని, "అయ్యో పాపం" అన్నాడు. కాసేపు తల దించుకున్నాడు కూడా. ఆ తర్వాత అసలు మనిషి బయటికి వచ్చాడు.

"చూడు, ఇవాళ పెద్దసారు సెండాఫ్. నీ విగ్గు పాట వినకుండా విమానం ఎక్కనని నాతో ప్రత్యేకంగా చెప్పారు. లంచ్ కాగానే పాడేసి బయల్దేరు. కారు నేనే పెడతాను, ఎయిర్‌పోర్ట్ దాకా. సంతకం అక్కడే చేసిస్తాను" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, తండ్రి పోయిండు. మైల ఉంటది. మైలల పాటెట్ల పాడుతడు? అది గూడ నవ్వుల పాట" అన్నాను.

"మైలా గీలా ఇక్కడెందుకండీ? ఇది మీ ఊరు కాదు. పెద్దాయన వెళ్ళే రోజున చావు కబురు చెప్పి మూడ్ పాడు చేస్తామా? జపాన్ వాళ్ళకి ఇలాంటివి అస్సలు నచ్చవు. ఎవరితోనూ అనకండి" అన్నాడు.

"సంతకం ఇప్పుడే పెడితే మీదేం పోతది?"

"ఇప్పుడే పెడితే వీడు అక్కడికి వస్తాడని ఏంటి గ్యారంటీ?" అని పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు.

నా నోటికి ఏం వచ్చేదో కానీ, కార్పెంటర్ నా ముంజేయి గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా, నీకు దండం పెడ్త, ఊకో. లొల్లి జేస్తే అసలుకే పంపడు. ఒక్క పాటనే గదా. పాడి పోత" అన్నాడు. అడిగింది కొడుకు, పోయింది అతని తండ్రి. నేను వెనక్కి తగ్గాను. బ్యాగు సర్ది కారులో పెట్టించాను. డ్రైవర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, సంగతి చెప్పగానే తమ పద్ధతిలో మృతుడి కోసం ఒక మాట అనుకుని, "నేను గేట్ దగ్గర్నే ఉంట భాయ్, ఇంజన్ బంద్ చెయ్య" అన్నాడు.

గెస్ట్‌హౌస్ హాల్లో భోజనాలు అయ్యాయి. ఉపన్యాసాలు మొదలయ్యాయి. లేచినవాడల్లా పెద్దసారు గొప్పతనం చెప్పేవాడే. కార్పెంటర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దున తలస్నానం చేసినవాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నెత్తిన నల్ల టవల్, మూతి మీద మార్కర్ మీసం. ఎవరో పక్క నుంచి వచ్చి ఆ మీసం చూసి ఫోటో దిగారు. నేను అడ్మిన్ సారు చెవి దగ్గరికి పోయి, "టైమైతున్నది సార్, ముందుగాల పాడించుండ్రి" అన్నాను. "అది లాస్ట్ ఐటమండీ. క్లైమాక్స్ తెచ్చి ముందే పెడితే ఎలా?" అన్నాడు. మళ్ళీ పోయాను. ఈసారి నా వైపు చూడనైనా చూడలేదు.

చివరికి పిలిచారు. పెద్దసారు ముందుకి జరిగి కూర్చున్నాడు. కార్పెంటర్ మైకు అందుకున్నాడు. వణుకుతుందనుకున్నాను ఆ గొంతు, వణకలేదు. ఛాతి లేపే పాడాడు. తండ్రి నేర్పిన పద్ధతి తండ్రి పోయిన రోజున కూడా తప్పలేదు. హాలు మొదటి చరణానికే నవ్వడం మొదలుపెట్టింది. విగ్గు ఎగిరిపోయే చోటికి వచ్చాడు. టవల్ కింద పడేశాడు. దాని వెంట పరిగెత్తాడు. తీయడానికి వంగినవాడు వెంటనే లేవలేదు. మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు, మైకు గుండెకి పట్టుకుని. అదీ ఆటలో భాగమే అనుకుని ఇంకా నవ్వారు. ఒకాయన బల్ల కొట్టాడు. కార్పెంటర్ లేచాడు, టవల్ నెత్తిన పెట్టుకున్నాడు, మిగిలిన చరణం పూర్తి చేశాడు.

చప్పట్లు. అందరికంటే ముందు అడ్మిన్ సారే, "వన్స్ మోర్" అని అరిచాడు. పెద్దసారు నవ్వుతూ ఒక వేలు పైకెత్తి చూపించాడు. మిషన్ మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది. కార్పెంటర్ నా వైపు చూశాడు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలీదు. మైకు లాక్కున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో, "సార్, ఇతని తండ్రి చనిపోయాడు. పొద్దున కబురు వచ్చింది. కొరివి పెట్టాల్సింది ఇతనే. విమానం వెళ్ళిపోతోంది" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. వాయిద్యం మాత్రం ఆగలేదు, తెర మీద అక్షరాలు రంగు మారుతూ పోతూనే ఉన్నాయి. మిషన్ కట్టెయ్యాలని కూడా ఎవరికీ తోచలేదు.

పెద్దసారు లేచి నిలబడ్డాడు. అడ్మిన్ సారు వైపు తిరిగి, నీకెప్పుడు తెలిసిందని ఒక్క ప్రశ్న అడిగాడు.  "పొద్దున సార్, మీరు సంతోషంగా వెళ్ళాలని..." అంటూ అడ్మిన్ సారు ఏదో గొణిగాడు. పెద్దసారు అది వినలేదు. కార్పెంటర్ దగ్గరికి వచ్చి, అతని నెత్తి మీది టవల్ తనే తీసి, మడిచి, పక్కన పెట్టి, నడుం దాకా వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచి మా ఇద్దరితో, తమ దేశంలో కూడా చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది కొత్త సంవత్సరం శుభాకాంక్షలైనా చెప్పుకోరని, అలాంటి ఇంటి మనిషి చేత పాట పాడించడం తమకి కూడా పాపమేనని చెప్పాడు. కాగితం తెప్పించి సంతకం తనే పెట్టాడు.

జపాన్ వాళ్ళకి నచ్చదట. ఎవరు అడిగారు వాళ్ళని? ఒక్క మాట, ఒకే ఒక్క మాట పొద్దున పెద్దసారు చెవిన వేసి ఉంటే, ఆయనే కారెక్కించి పంపేవాడు. మన సారు నోరు పైవాళ్ళని పొగడడానికీ, కిందివాళ్ళని కసరడానికీ తప్ప తెరుచుకోదు. పెద్దసారు మీద కూడా నాకు కోపమే. వంగాడు, మంచిదే. వంగితే విమానం ఆగుతుందా? అన్నాళ్ళు ఆ గొంతు విని నవ్వాడు కదా, నీకీ గొంతు ఎక్కడిది నాయనా, మీ ఊళ్ళో ఏం పాడతావని ఒక్కసారైనా అడగాలనిపించలేదా? అడిగి ఉంటే ఆ తండ్రి గురించి ఎప్పుడో తెలిసేది.

కారు దుఖాన్ రోడ్డు మీద ఉరికింది. "యల్లా, యల్లా" అని తొందర పెడుతూ డ్రైవర్ ముందు పోయే, ఒంటెలను మోసే లారీల మీద హారన్ కొడుతూనే ఉన్నాడు. ఒంటెల పందేలు జరిగే అల్ షహానియా దగ్గర ఆ లారీలే రోడ్డంతా నింపేశాయి. కార్పెంటర్ వెనక సీట్లో ఉమ్మి తడితో మీసం తుడుచుకుంటున్నాడు. అది పోకుండా మూతంతా పులుముకుంది. ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ మూసేశారు. నేను బతిమాలాను, అరిచాను కూడా. లోపలి అమ్మాయి తలుపు చూపించి, అయిపోయిందని చెయ్యి ఊపింది. ఆమెను తిట్టి ఏం లాభం. తర్వాతి సీటు మర్నాడు రాత్రికి దొరికింది.

ఊరికి ఫోన్ చేశాడు. పెద్దమనుషులు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. వాళ్ళ పెదనాన్న ఫోన్ తీసుకుని, "ఇగ ఆపుడు కాదు బిడ్డా. ఇంకో రెండు రాత్రులు ఉంచుడంటే శవానికి కష్టం. ఐస్ పెట్టె కరెంటు పోయినప్పుడల్లా ఆగుతున్నది. రేపు పొద్దుగాల లేపుతం. నా కొడుకు పెడ్తడు కొరివి. నువ్వు దినాలకు రా" అన్నాడు. కార్పెంటర్ "సరె పెద్దనాయిన" అన్నాడు.

మర్నాడు పొద్దున మా రూములో, మంచం మీద కూర్చుని వీడియోలో చూశాడు. ఫోన్ నేను పట్టుకున్నాను. పాడె ముందు చిరుతల జట్టు మొత్తం వచ్చింది. ముసలివాళ్ళు, కుర్రవాళ్ళు, అందరూ ఆ తండ్రి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. చిరుతలు కొడుతూ, ఆయన నేర్పిన పాటే పాడుతూ నడిచారు. శ్మశానం దగ్గర దింపినప్పుడు జట్టులో ఒక ముసలాయన ఫోన్ దగ్గరికి వచ్చి, "కొడుకా, కొరివి పెట్టకుంటే పాయె. నాయినకు ఒక్క చరణం అందుకో. ఫోన్ ఆయన చెవి దగ్గర పెడ్త" అన్నాడు.

ఫోన్ పెట్టారు. తెర మీద మాకు తెల్లగుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. కార్పెంటర్ నోరు తెరిచాడు. ఛాతి లేపాడు. చెయ్యి చెవి దగ్గరికి తీసుకుపోయాడు. గొంతు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల అందరూ ఆగి వింటున్నారు. కాసేపటికి ఆ ముసలాయనే, "పోనీ తియ్యి బిడ్డా" అని ఫోన్ తీసేశాడు. అప్పుడు ఏడ్చాడు మా కార్పెంటర్. నేనూ ఏడ్చాను. నిన్న ఆ హాల్లో అంత చక్కగా పలికిన గొంతు, కన్న తండ్రి చెవి దగ్గర పలకలేదు. దీనికి నేను ఎవరినీ క్షమించలేను.

దినాలు, మాసికం అయ్యాక తిరిగి వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగ్గా మొలవలేదు. పెద్దసారు వెళ్ళిపోయాడు. అడ్మిన్ సారుకి ఏమీ కాలేదు, అదే కుర్చీలో ఉన్నాడు. కార్పెంటర్ డ్యూటీకి వచ్చిన మొదటి రోజు పొద్దున, గేటు దగ్గర నేను హాజరు వేస్తుంటే ఆయన నడిచి వచ్చాడు. కొత్త పెద్దసారు వస్తున్నాడట, గురువారం స్వాగతం విందట. కార్పెంటర్ భుజం మీద చెయ్యి వేసి, గుండు వైపు చూసి నవ్వాడు.

"ఇంక టవల్ కింద పడేస్తే చాలు, లోపల గుండు రెడీగా ఉంది. పాటకి భలే సరిపోయింది. ఏమంటావ్, గురువారం పాడతావుగా?" అన్నాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నేను లేచేలోపే కార్పెంటర్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, ఆయన కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"పాడుత సార్. మీ నాయిన పోయిన నాడు చెప్పుండ్రి, వచ్చి పాడుత."